పానా మీద పేరు

నల్లా మళ్ల కారుతున్నది. నీళ్లొచ్చేదే గంటసేపు, అండ్ల సగం వేణుమాధవ్ లుంగీ మీదనే పడ్డయి. ఆన్‌లైన్ల తెప్పించిన కొత్త పానా జారుడే జారుడు.

సంధ్యారాణి మంచం కిందికెళ్లి తన పాత ఇనుప పానా తీసింది. తల్లిగారింటి నుంచి తెచ్చుకున్నది. ఒక్క తిప్పుకు నల్లా గమ్మునైంది.

"చెయ్యంటే ఇది చేసినోనిది," అన్నది, పానాను కొంగుతోని తుడుసుకుంట.

పదిహేనేండ్ల సంసారంల మొగని చెయ్యిని ఎన్నడు గట్ల మెచ్చుకోలే. వేణుమాధవ్ కండ్లద్దాలు పెట్టుకున్నడు. పిడి మీద ఉలితోని పేరు కొట్టి ఉన్నది: లింగమూర్తి.

"ఎవడే వీడు?"

"మా బాపునడుగు." నవ్వుకుంట వంటింట్లకు పోయింది.

వేణుమాధవ్ బొగ్గుబాయి కంపెనీ ఆఫీసుల క్లర్కు. వెనుకట మారుపేర్లతోని నౌకరీకెక్కినోళ్లను పాత ఫైళ్లల్ల పట్టుడే ఆయన పని. దొరికినోళ్ల పింఛన్లు ఆయన టేబుల్ మీదనే ఆగుతయి. గసొంటోనికి ఈ లింగమూర్తి ఎంత?

పానా పట్టుకోని, బండి తీసి కమాన్‌పూర్‌ల మామ ముంగట నిలవడ్డడు. బుచ్చన్న గదే కంపెనీల రిటైరైన ఫిట్టర్. పానా చూసి బీడీ ఆర్పిండు.

"మామా, ఈ లింగమూర్తి ఎవడు?"

"మంచోడే."

"సంధ్యను ఎరుగుతడా?"

"ఎరుగుతడా అంటవేంది! సంధ్య అంటే ఆనికి పానం. రోజు సైకిల్ మీద బడికి తీస్కపోతుండె."

"మీరు చూస్కుంట ఊకున్నరా?"

"ఏం జెయ్యాలె అల్లుడా, ఆనిది నాది ఒక్కటే షిఫ్టు. మీ పెండ్లినాడైతే బగ్గ ఏడ్సిండు."

వేణుమాధవ్‌కు చెవుల నుంచి పొగలొచ్చినయి. గిసొంటి మంటకు ఏం మందు వెయ్యాల్నో ఎరికైతే జర మీరే చెప్పుండ్రి.

"ఇప్పుడేడున్నడు?"

"ఈ ఊర్లనే. మొన్న దసరాకు జమ్మి ఆకు చేతుల పెట్టి నువ్వు ఆని కాళ్లు మొక్కితివి గదా."

ఆ దినం వేణుమాధవ్ వాడ వాడంత తిరిగి ఇరవై మంది కాళ్లు మొక్కిండు. కాళ్లు యాదికొచ్చినయి, మొకాలు రాలే.

"రేపే ఆని ఫైలు తీస్త. జాతకమంత బయటవెడ్త!"

బుచ్చన్న మొకం వాడిపోయింది.

"ఫైలు వద్దు అల్లుడా."

"ఎందుకొద్దు? ఆడు మీకేమైతడు?"

బుచ్చన్న ఇటటు చూసి, అల్లుని చెవుల మెల్లగ అన్నడు.

"అండ్ల ఫొటో నాది."