రాత్రిపూట చక్కెర దొంగ

ఇలా దగ్గరికి రా, ఇంకాస్త జరుగు. దొంగ కథ దూరంగా కూర్చుని వింటే, దొంగ మధ్యలోంచి జారుకుంటాడు.

ఒక దర్జీ ఆవిడ ఉండేది. ఆవిడ మొగుడు వాచీలు బాగుచేసేవాడు. ఆ ఇంట్లో రోజూ రాత్రి దొంగతనం జరుగుతోందని, ఆ దొంగ తన మొగుడేనని ఆవిడకు గట్టి అనుమానం. సాక్ష్యం కూడా ఉంది. పడుకునే ముందు ఆయన వేలు గుచ్చి మిషన్లో చూస్తే చక్కెర నూట ముప్ఫై. తెల్లారి చూస్తే రెండువందల యాభై! పక్కమీది మనిషి పక్కమీదే ఉంటే అంత చక్కెర ఒంట్లోకి ఎక్కడినుంచి వచ్చినట్టు?

"పొద్దుటి అంకె ఇలాగే ఉంటే కళ్ళకు ముప్పు" అని డాక్టరు చెప్పేశాడు. వాచీలు బాగుచేసేవాడికి కళ్ళు పోతే ఇంకేం మిగులుతుంది? ఆయనకన్నా ఆవిడకే ఎక్కువ భయం. ఆ భయాన్నే కోపంగా కుట్టి మొగుడికి తొడిగింది.

పగలు మాత్రలతో గడిచిపోయేది. రాత్రికి ఇన్సులిన్. ఆ సూది వేసే పని ఏడాదిగా ఆవిడదే. ఆయన మహా పిరికి. సూది మూత తీసిన చప్పుడు వింటే చాలు, గోడవైపు తిరిగి కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. ఆవిడది నలభై ఏళ్ళు కాజాలు కుట్టిన చెయ్యి. బొడ్డుకు నాలుగు వేళ్ళ ఎడంగా సూది దించేది. వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే ఆవిడకు మనసొప్పదు.

"ఈమధ్య అసలు నొప్పే తెలియట్లేదే" అనేవాడు ఆయన.

"తెలిస్తే నేను దర్జీని ఎలా అవుతానండీ?" అనేది ఆవిడ. సూది పక్కన పెట్టీ పెట్టగానే మళ్ళీ పోలీసు అయిపోయేది. "నిజం చెప్పండి. ఎక్కడ దాచారు?"

"ఏం దాచాను?"

"తీపి."

"నిన్ను మించిన తీపి ఈ ఇంట్లో ఏముందే, దాచుకోడానికి?"

"ఆ వేషాలు నా దగ్గర కాదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి చేతకాకపోతే నేను పడతాను!"

అన్నట్టే పట్టుదలగా మొదలుపెట్టింది. బిస్కెట్ల డబ్బాకు దారం చుట్టి, తనకు తప్ప ఎవరికీ విప్పడం రాని ముడి వేసింది. తేనె సీసామీద సుద్దతో గీత గీసింది. వంటింటి గుమ్మం దగ్గర సుద్దపొడి చల్లింది. తెల్లారి చూస్తే ఒక్క అడుగు జాడ లేదు. ఆయన జేబులు వెతికితే నాలుగు వాచీ మరలు దొరికాయి. ఆఖరికి గోడ గడియారం వీపు విప్పి అందులోనూ చూసింది. ముడి ముడిలాగే ఉంది, గీత గీతలాగే ఉంది. పొద్దుటి అంకె మాత్రం రెండువందల అరవై.

ఇక లాభం లేదని రాత్రిళ్ళు ఆయన మంచం పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. ఆయన గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. ఈవిడ కునికిపాట్లు పడుతూ, ఉలిక్కిపడి లేస్తూ తెల్లారగట్టేది. ఆరు వారాలకు ఆవిడ కళ్ళు చింతనిప్పులయ్యాయి. ఒకరోజు కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కా చెయ్యి తెచ్చి కాలరుకు కుట్టేసింది.

ఆ రాత్రి ఆయన మంచంమీద లేచి కూర్చున్నాడు. "ఒసే, నేనే తిన్నాను."

"ఏం తిన్నారు?"

"తేనె."

"గీత దిగలేదే?"

"తాగినంత నీళ్ళు పోసి, మళ్ళీ గీతదాకా నింపాను."

ఆ తెలివికి ఆవిడ లోలోపల ముచ్చటపడింది కూడా. వెంటనే వెళ్ళి తేనె సీసా బోర్లించేసి, ఎన్నాళ్ళకో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. తెల్లారి చూస్తే మళ్ళీ రెండువందల అరవై!

దాంతో మొగుణ్ణి రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోయింది. "చూడమ్మా, దొంగ నేరం ఒప్పుకున్నాడు. తేనె పారబోసినా దొంగతనం ఆగలేదు. ఇంకెక్కడో దాచాడు. నువ్వే కక్కించు" అంది నర్సమ్మతో.

నర్సమ్మ నవ్వి, ఆయన్ను చొక్కా పైకెత్తమంది. పొట్టమీద వేలితో నొక్కింది. ఆగి ఇంకోసారి నొక్కింది. బొడ్డు పక్కన చర్మం కింద గోలీకాయంత గడ్డ.

"రోజూ ఇక్కడే పొడుస్తున్నారా?" అంది. "ఒకేచోట పొడిస్తే ఇలా గడ్డ కడుతుంది. మందు అందులోనే ఇరుక్కుపోతుంది, రక్తంలోకి సరిగ్గా వెళ్ళదు. ఇక ఏమీ తినకపోయినా తెల్లారేసరికి చక్కెర పెరుగుతుంది. చోటు మారుస్తూ వెయ్యాలి. కొత్తచోట మందు గట్టిగా పనిచేసి రాత్రి చక్కెర పడిపోవచ్చు, అందుకని ముందు డాక్టరుగారితో మోతాదు మాట్లాడండి." అంతా చెప్పి, కాస్త గట్టిగానే అడిగింది. "ఇంతకీ ఈ సూది వేస్తున్నది ఎవరు?"

ఆవిడ నోరు తెరిచేలోపే మొగుడు అందుకున్నాడు. "నేనేనమ్మా. నేనే వేసుకుంటున్నాను. తప్పంతా నాదే."

సూదిని జన్మలో కళ్ళారా చూడని మనిషి! ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం, రాత్రి "నేనే తిన్నాను" అన్నప్పుడు ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది.

ఇది గుర్తుపెట్టుకో, నలుగురికీ చెప్పు. చెప్పేటప్పుడు మాత్రం తొందరపడి దొంగను ముందే పట్టించకు: మొగుడు చక్కెర పలుకైనా ముట్టలేదు, పెళ్ళాం ఒక్క రాత్రైనా కంటినిండా నిద్రపోతుందని నేరం నెత్తినేసుకున్నాడు, అసలు దొంగ, ఆరు వారాలు కుర్చీ వేసుకుని ఆయనకు కాపలా కూర్చున్న ఆవిడే.