పురుగు పట్టని తోట

తోటకు సీతాకోకచిలుకలు రావాలని పెరట్లో జిల్లేళ్లన్నీ పీకించి క్రోటన్లు నాటించడమే వసుంధరమ్మ చేసిన పొరపాటు. రథసప్తమి స్నానానికి ఆకులు కావాలి కాబట్టి గోడ అవతల ఒక్క జిల్లేడును మాత్రం బతకనిచ్చింది.

గుడ్లు పెట్టే వేళకు ఒక సీతాకోకచిలుక వచ్చి క్రోటను మీద వాలింది.

"నా ఆకులు చూశావా? ఇంతవరకూ ఒక్క పురుగూ నోరు పెట్టలేదు!" అంది క్రోటను.

"అదేనమ్మా నా దిగులు. నా పిల్లలు పురుగులే. ఇక్కడ పుడితే ఆకలితో చస్తారు."

"ఛీ! ఆ మాట మా అమ్మగారి చెవిన పడనీకు. ఆవిడకు సీతాకోకచిలుకలంటే ప్రాణం."

సీతాకోకచిలుక గోడ దాటింది.

"నేను వాళ్లకు ఏడాదికి ఒక్కరోజే గుర్తొస్తాను తల్లీ. మిగతా రోజులన్నీ నీ పిల్లలవే, తిననీ" అంది జిల్లేడు.

కొన్నాళ్లకు జిల్లేడు ఆకులన్నీ చిల్లులు పడ్డాయి. తోట నిండా రెక్కలు ఎగిరాయి.

"చూశారా వదినగారూ, నా క్రోటన్ల మహిమ!" అంది వసుంధరమ్మ పక్కింటావిడతో.

క్రోటను కాదనలేదు. సీతాకోకచిలుక కూడా ఆ పేరును దానికే వదిలేసి, గుడ్లు మాత్రం జిల్లేడు మీదే పెట్టాలనుకుంది. బతికినన్నాళ్లూ అక్కడే పెట్టింది.