పదకొండు ప్రాసెసర్లు

“ఇది వద్దు అంకుల్. గంట ఆడితే కుంపటిలా కాలిపోతుందట,” అంటూ అమ్మాయి నోట్‌బుక్‌లో ఏడో ప్రాసెసర్ పేరు కొట్టేసింది.

“వద్దులే అయితే,” అన్నాడు లిఫ్టు మెకానిక్. ఈ పూట గండం గడిచిందనుకున్నాడు.

ఆ అమ్మాయి అతని భార్య కూతురు. అతను వాళ్లమ్మను పెళ్లి చేసుకుని ఈ ఇంటికి వచ్చి ఏడు నెలలైంది. మొదటి ఆరు నెలల్లో ఆ పిల్ల అతనితో మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో సగం “ఊ”లే. కాలేజీ నుంచి రావడం, గదిలో దూరి తలుపేసుకోవడం, హెడ్‌ఫోన్లు తగిలించుకుని కంప్యూటర్లో కార్ల రేసు ఆడుకోవడం. అన్నానికి నాలుగుసార్లు పిలిస్తే గానీ వచ్చేది కాదు.

ఎక్కడో అంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన వాళ్లను తలుపు తెరిచి బయటికి తీయడం అతనికి రోజూ ఉండే పనే. ఈ ఒక్క తలుపే కొరుకుడు పడలేదు.

అందుకే ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, బుద్ధి గడ్డి తిని ఆ పని చేశాడు. కంప్యూటర్ వెనక్కి వంగి, మానిటర్ కేబుల్‌ని కింది సాకెట్లోంచి పీకి పైదాంట్లో గుచ్చాడు. కిందిది గ్రాఫిక్స్ కార్డుది. గేముల్లో బొమ్మల్ని పరిగెత్తించేది అదే. పైదాంట్లో పెట్టినా తెర మీద బొమ్మ వస్తుంది గానీ, కార్డు ఊరికే కూర్చుంటుంది, గేము నత్తనడక నడుస్తుంది. కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు ఇదేనని కంప్యూటర్ బిగించడానికి వచ్చిన మనిషే అతనికి చెప్పాడు.

గేము మీద విసుగు పుడితే పిల్ల నాలుగ్గోడల్లోంచి బయటికొస్తుందని అతని ఆశ.

వచ్చింది. మర్నాడు సాయంత్రమే నోట్‌బుక్ పట్టుకుని తిన్నగా అతని దగ్గరికే వచ్చింది.

“అంకుల్, నా సిస్టమ్ స్లో అయింది. ప్రాసెసర్ మార్చాలేమో. తక్కువ ధరలో మంచిదేదో ఇద్దరం కలిసి చూద్దామా?”

అతను గబగబా తల ఊపాడు.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం టీ కప్పులతో భోజనాల బల్ల దగ్గర పంచాయితీ. ఆ పిల్ల ఫోన్లో చూసి చదివేది, అతను రాసేవాడు. ఎన్ని కోర్లు, ఎంత వేడి, సెకనుకు ఎన్ని బొమ్మలు. ఒకదానికి “కోపిష్టి” అని, ఇంకోదానికి “బద్ధకిష్టి” అని పేర్లు కూడా పెట్టుకున్నారు.

“కార్డు లేకుండా సొంతంగా బొమ్మలు చూపించేది తీసుకుంటే?” అని అడిగాడోసారి.

“చూపిస్తుంది. ఈడ్చుకుంటూ చూపిస్తుంది. అయినా మనకి కార్డు ఉందిగా అంకుల్. పాపం, అంత మంచి కార్డు ఊరికే కూర్చుంటోందేమో అనిపిస్తోంది.”

అతనికి టీ పొలమారింది. ఆ పిల్లే లేచి నెత్తి మీద తట్టింది.

నాలుగో రోజు వాళ్ల నాన్న కబుర్లు చెప్పింది. ఆయన పోయి మూడేళ్లు. ఆయన కెమెరా బీరువాలో ఉందట, నెలకోసారి తీసి తుడుస్తుందట. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదంది. అతను సిగ్గుతో చితికిపోయాడు. మోసం చేసి రప్పించుకున్న పిల్ల తనకు మనసు విప్పి చెబుతోంది.

రేపు కేబుల్ మార్చేద్దాం అని రోజూ అనుకునేవాడు. మారిస్తే గేము పరిగెడుతుంది, నోట్‌బుక్ మూతపడుతుంది, తలుపూ మూతపడుతుంది. ఆ గదిలోకి అడుగుపెట్టడానికే కాళ్లు వచ్చేవి కావు. పిల్ల అనవసరంగా కొనేయకుండా ప్రతి ప్రాసెసర్‌కూ ఏదో ఒక వంక పెట్టేవాడు. అతను మర్చిపోతే ఆ పిల్లే పెట్టేది. ఇంత గడుసు బేరగత్తె ఎవరి పోలికో అనుకునేవాడు.

పదో పేరు కొట్టేసిన మర్నాడు పొద్దున్న భార్య అంది. “ఏమండీ, అది రోజూ ఆ లెక్కలు వేసుకుంటుంటే చూడలేకపోతున్నాను. వాళ్ల నాన్న కెమెరా అడిగేవాళ్లున్నారు. ఇచ్చేసి, దానికి ప్రాసెసర్ కొనిపెడదాం.”

“అమ్మాయి ఒప్పుకోదు.”

“ఒప్పుకోకేం? కంప్యూటర్ అంటే దానికి ప్రాణం. సాయంత్రం వచ్చాక నేనడుగుతాగా.”

ఆ రోజంతా అతను మనిషి మనిషిలో లేడు. ఒక లిఫ్టుకు తలుపు బిగించడం మర్చిపోయి, రెండో అంతస్తు నుంచి మళ్లీ వెనక్కి పరిగెత్తాడు. తన తెలివితక్కువ పనికి ఆ పిల్ల తండ్రి గుర్తు అమ్ముడుపోతుంది. నిజం చెబితే ఆ పిల్ల ఈ జన్మలో మళ్లీ తన మొహం చూడదు. చూడకపోయినా సరే, కెమెరా ఉండాలి అనుకున్నాడు.

భార్య రాకముందే ఇంటికి చేరాడు. బల్ల మీద రెండు టీ కప్పులు సిద్ధంగా ఉన్నాయి.

“రండి అంకుల్. పదకొండోది దొరికింది. దీనికి వంక పెట్టడం కష్టమే.”

అతను కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

“ఏదీ కొనొద్దు తల్లీ. నీ కంప్యూటర్‌కు ఏ రోగమూ లేదు. మానిటర్ కేబుల్ కార్డులోంచి పీకి పైన పెట్టింది నేనే. పొరపాటున కాదు, కావాలనే. నువ్వు గదిలోంచి బయటికొస్తావని. ఇన్ని రోజులూ చెప్పే ధైర్యం లేక నీతో అబద్ధం ఆడుతూ కూర్చున్నాను. మీ అమ్మ కెమెరా అమ్ముదామంటే మాత్రం ఒప్పుకోకు. నా మీద కోపం ఉంటే ఉండనీ.”

కుర్చీ వెనక్కి జరిగే చప్పుడు కోసం, గది తలుపు ధడాలున మూసుకునే చప్పుడు కోసం తలొంచుకుని ఎదురుచూశాడు.

ఆ పిల్ల పెన్ను బల్ల మీద పెట్టింది.

“కూర్చోండి అంకుల్, మొదటిసారి మీ దగ్గరికి వచ్చేముందే ఆ కేబుల్‌ని నేను మళ్లీ కిందికి మార్చేసుకున్నాను.”