వెనకాల ఎవరిదో వ్యాన్

"మన కారు వెనకాల ఎవరిదో గ్రే వ్యాన్ పెట్టేశారు నమ్రతా. తీసే దారి లేదు," అన్నాడు శశికాంత్ గుమ్మంలోనే నిలబడి.

లైటు ఆర్పేసిన మేడగదిలో, మంచం మీద గుట్టగా పోసిన అతిథుల కోట్ల మధ్య ముడుచుకుని పడుకుంది అతని భార్య నమ్రత. కింద గృహప్రవేశం సంబరం ఇంకా తగ్గలేదు. వ్రతం అయింది, భోజనాలయ్యాయి, ఇప్పుడు బేస్‌మెంట్‌లో కరావోకే మొదలైంది. ఎవరో మహానుభావుడు శ్రుతి మీద పాత కక్షలున్నట్టు పాడుతున్నాడు. ఒక్కో చరణం ఆమె తలలో సుత్తి దెబ్బలా పడుతోంది.

"ఎవరిదో కనుక్కుని తీయించు శశీ. నా వల్ల కావట్లేదు. ఇంటికి వెళ్లిపోవాలి."

"అదే పని మీద ఉన్నా. ఈ ఫార్మింగ్టన్ హిల్స్ ఊళ్లో మనవాళ్ల ఇళ్లల్లో సగం గ్రే వ్యాన్లే. ఎవర్నని అడగను? కొంచెం ఓర్చుకో. స్కాన్ నార్మలే కదా."

ఆ మాట వింటే నమ్రతకు ఒళ్లు మండుతుంది. పోయిన నెల కారు మంచులో జారి కరెంటు స్తంభాన్ని గుద్దుకున్నప్పుడు ఆమె తల కిటికీ అద్దానికి కొట్టుకుంది. డ్రైవ్ చేస్తున్న శశికాంత్ ఒంటి మీద గీత కూడా పడలేదు. ఇలాంటి దెబ్బ స్కాన్‌లో కనబడదనీ, కొన్నాళ్లు నీరసం, ఉన్నట్టుండి గుండెదడ ఉండొచ్చనీ డాక్టర్ అతని ఎదురుగానే చెప్పింది. అతను మాత్రం 'నార్మల్' అన్న ఒక్క ముక్కే మూటగట్టుకుని ఇంటికొచ్చాడు.

"నాకు ప్యానిక్ అటాక్ వస్తోంది శశీ."

"అలా పేరు పెడితే ఇంకా ఎక్కువవుతుంది. మన అమ్మల నోట ఎప్పుడైనా విన్నామా ఈ మాట? మంచినీళ్లు తాగు. నేను మళ్లీ చూసొస్తా."

వెళ్తూ ఆమె చెయ్యి పట్టుకుని వదిలాడు. అతని చెయ్యి ఐస్‌లా ఉంది. గది బయటి వెలుతురులో అతని నుదుటి మీద చెమట కనబడింది. తన కోసమే మెట్లెక్కీ దిగీ అలిసిపోయినట్టున్నాడు. నమ్రతకు జాలేసింది.

అతను అటు వెళ్లాడో లేదో, ఇటు గుండె పరుగందుకుంది. వేళ్లు మొద్దుబారాయి. గది నాలుగు గోడలూ దగ్గరికి జరుగుతున్నట్టనిపించింది. ఇక్కడే పోతాను, ఈ కోట్ల కింద నన్ను ఎవరూ చూడను కూడా చూడరు అనుకుంది. అలాంటప్పుడు ఎదురుగా ఉన్న వస్తువుల రంగులు పైకి చెప్పుకోమని కౌన్సెలర్ నేర్పింది. నమ్రత కోట్ల వైపు తిరిగింది. నల్లది. నల్లది. ఇదీ నల్లదే. ఒక్కరైనా ఎర్ర కోటు కొనుక్కోలేదేమిటని ఏడుపొచ్చింది.

టక్కున లైటు వెలిగింది. ఇంటావిడ రాధారాణి.

"ఇక్కడున్నావా? ముఖమేంటి అలా పీక్కుపోయింది? కళ్లు తిరుగుతున్నాయా? ఏమైనా విశేషమా?"

"కాదక్కా. తలకి దెబ్బ తగిలింది కదా. లైటు ఆర్పేయవా, ప్లీజ్."

"అదింకా తగ్గలేదా? చూడ్డానికి బానే ఉన్నావే." లైటు మాత్రం ఆర్పింది. "వెళ్లేముందు తాంబూలం తీసుకో. కొత్తింట్లోంచి ఉత్త చేతుల్తో పంపకూడదు."

"వెళ్దామనే చూస్తున్నాం. ఆ వ్యాన్ ఎవరిదో తెలిసిందా?"

"ఏ వ్యాన్?"

"మా కారుకి అడ్డం పెట్టిన గ్రే వ్యాన్. శశి ఇందాకట్నుంచీ అందర్నీ అడుగుతున్నాడు కదా."

రాధారాణి ఆలోచించింది. "నన్నెవరూ ఏమీ అడగలేదే. అసలు శశికాంత్ కిందెక్కడా కనబడలేదు. మగాళ్లు కొంతమంది గరాజ్‌లో పేకాట మొదలెట్టారు. అక్కడున్నాడేమో చూడు."

నమ్రతకు అంతా అర్థమైపోయింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. అబద్ధం చెప్పి తనను చీకటి గదిలో పడేసి, ఆయనగారు ముక్కలు వేసుకుంటున్నాడన్నమాట. ఇంతసేపూ లేవలేని మనిషిని కోపం లేపి నిలబెట్టింది. దొరికిన నల్లకోటు వేసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగింది.

గరాజ్‌లోకి తొంగిచూసింది. నలుగురు ఆడుతున్నారు.

"శశికాంత్ ఇటు రాలేదండీ. ఒక చెయ్యి తక్కువైందని మేమే వెతుకుతున్నాం," అన్నాడొకాయన ముక్కల్లోంచి తలెత్తకుండా.

నమ్రత వీధి తలుపు తీసింది. మధ్యాహ్నం వచ్చినప్పుడు కాసిన ఎండ ఆనవాలు కూడా లేదు. సన్నగా మంచు పడుతోంది. డ్రైవ్‌వేలో తమ కారు ఉంది. దాని వెనక వ్యాన్ కాదు కదా, పిల్లల సైకిల్ కూడా లేదు. రోడ్డు దాకా ఖాళీ.

కారులో డ్రైవర్ సీట్లో ఎవరో ఉన్నారు.

విసురుగా వెళ్లి అటువైపు తలుపు లాగింది. శశికాంతే. రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. ఆమె వైపు చూడలేదు.

"వ్యాన్ ఎక్కడుంది శశీ? ఎందుకు అబద్ధం చెప్పావు?"

వైపర్లు ఆగిన అద్దం మీద మంచు పేరుకుంటోంది.

"ఆ రోజు నీ తల అద్దానికి కొట్టుకున్న చప్పుడు నా చెవుల్లోంచి పోవట్లేదు నమ్రతా," అన్నాడు. "మంచు మొదలైన దగ్గర్నుంచీ ట్రై చేస్తున్నా, కారు స్టార్ట్ చేయడానికి చెయ్యి రావట్లేదు."