రెండు బోర్డుల ఆట

“ఒకటా, రెండా? జర తేల్చుండ్రి పటేలా,” అన్నాడు ఎల్లస్వామి, చేతిలో పని పక్కన పెట్టి.

వెంకట్రాం కుర్చీలోంచి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. జనగామ స్టేషన్ రోడ్డులోని ఆ టీవీ రిపేరు దుకాణానికి అతను ఇప్పటికే చాలాసార్లు వచ్చి వెళ్లాడు. బల్ల మీద హైదరాబాద్ నుంచి తెప్పించిన ఆకుపచ్చ బోర్డులు పరిచి ఉన్నాయి. వాటిని టీవీకి తగిలిస్తే తెర మీద కార్లు ఉరుకుతాయి, విమానాలు పేలుతాయి. వీడియో గేమ్ అంటే ఏమిటో మొన్న మొన్నటి దాకా వెంకట్రాంకు తెలియదు.

“మళ్లోపాలి చెప్పు. రెండింటికి ఫరక్ ఏంది?”

“గీ పెద్ద బోర్డు ఒక్కటే పెట్టుకుంటే బొమ్మ కదలకుంట నిలుస్తది, రంగులు మంచిగొస్తయి. కని ఆడేది ఒక్కరే. గీ చిన్నయి రెండు జోడిస్తే రెండు టీవీలల్ల ఇద్దరు ఒకేపాలి పోటీ వడి ఆడొచ్చు. మజా ఉంటది. కని బోర్డులే సతాయిస్తయి. ఒకటి ముందు ఉరుకుతది, ఇంకోటి ఎనకవడ్తది. వేడెక్కుతయి.”

“సతాయించేది నాకెందుకు? పెద్దదే కట్టు.”

“బాపూ,” అంది పక్కన నిలబడ్డ కూతురు సరోజన. “అన్న ఒక్కడే ఆడుతుంటే దోస్తులు ఎంతసేపని చూస్తరు? లేచి పోతరు. అన్న గూడ వాళ్ల ఎంబడే పోతడు. రెండైతే అందరు ఇంట్లనే ఉంటరు.”

వెంకట్రాం కూతురి వంక చూశాడు. డిగ్రీ చదువుతున్న పిల్ల. ఇంట్లో తన భయం అర్థమైంది ఈమెకొక్కతెకే అనిపించింది.

ఆ భయం పుట్టించింది సోమనర్సయ్య. వెంకట్రాం సొంతూరు నర్మెట్ట మనిషే, ఇప్పుడు జనగామలో హెడ్ కానిస్టేబుల్. ఒకనాడు బజారులో పక్కకు పిలిచి, “మీ ఇంటి పిల్లల మీద జర నిగా పెట్టుండ్రి పటేలా. అడవిలున్న అన్నలతోని మాటలు నడుస్తున్నయని చెవులవడ్డది,” అన్నాడు.

ఎవరని వెంకట్రాం అడగలేదు. అడగాల్సిన పని కనిపించలేదు. కొడుకు కరుణాకర్ గడ్డం పెంచాడు. పరీక్ష తప్పి, పొద్దంతా దోస్తులతో తిరిగి, ఎక్కడికి పోయావంటే “గిట్లనే” అంటున్నాడు. టేకుమట్లలో తెలిసినవాళ్ల పిల్లవాడు కూడా కాలేజీకని చెప్పి అడవికి వెళ్లాడు. ఆ ఇంటికి తిరిగి వచ్చింది శవమే.

అప్పటి నుంచి వెంకట్రాంకు కాలు ఒకచోట నిలవలేదు. పొలం మీద ధ్యాస పోయింది. వాకిట్లో సైకిల్ చప్పుడైతే ఉలిక్కిపడి లేచేవాడు. కొడుకును తిట్టాడు, బతిమాలాడు. ఏదీ పని చేయలేదు. మహబూబాబాద్‌లో ఎవరి దగ్గరో వీడియో గేమ్ చూసి వచ్చిన కరుణాకర్, అన్నం తింటూ తల్లికి దాని ముచ్చట చెప్తుంటే వాడి కళ్లు మెరవడం గమనించాడు. మరునాడే ఎల్లస్వామి దుకాణం మెట్లెక్కాడు.

“రెండు కట్టు,” అన్నాడిప్పుడు.

చెప్పినట్టే బోర్డులు సతాయించాయి. ముందుగదిలో టీవీలు పెట్టి ఆన్ చేస్తే, ఒకదాంట్లో బొమ్మ వణికింది. కాసేపు చూసి కరుణాకర్ మొహం చిట్లించి, చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

“ఆగు నాయినా, ఇగ అయిపోతది,” అంటూ వెంకట్రాం అడ్డం వెళ్లాడు. “పెద్దదే తీసుకుంటే పోయేది,” అని భార్య సుమిత్ర మీద ఊరికే అరిచాడు. ఎల్లస్వామి రెండో బోర్డుకు వేరే ట్రాన్స్‌ఫార్మర్ తగిలించి, వెనక చిన్న ఫ్యాను బిగించాడు. బొమ్మ నిలిచింది. కరుణాకర్ చెప్పులు విడిచి వచ్చి కూర్చున్నాడు.

ఇక ఇల్లంతా మోతే. దోస్తులు పొద్దున వచ్చి చీకటి పడితేగాని లేవడం లేదు. సరోజన వాళ్లకు చాయలు అందించేది. “అమ్మా, నువ్వు గూడ గాడనే కూసో. నువ్వుంటే వాళ్లు తొందరగ లేవరు,” అని తల్లిని కూడా ఆ గదిలోకి పంపింది. అయినా వెంకట్రాం మనసు కుదుటపడలేదు. కాసేపటికోసారి వచ్చి, కొడుకు ఉన్నాడో లేడో తొంగిచూసి పోయేవాడు.

ఆదివారం పొద్దున సరోజన, “ఈ మోతల చదువెక్కడిది? శారద ఇంటికి పోయి చదువుకుంట,” అని బయలుదేరింది. గడప దగ్గర ఆగి, వెనక్కి వచ్చింది.

“బాపూ, ఊకె తొంగిచూసుడేంది? నువ్వు గూడ ఒక ఆట ఆడరాదు?”

“నాకేమొస్తది బిడ్డా?”

“అన్న నేర్పిస్తడు. కూసో.”

తండ్రి చేతిలో ఆట పిడి పెట్టి, ఆయన కూర్చునేదాకా చూసి వెళ్లింది.

వెంకట్రాం ఓడాడు. మళ్లీ ఓడాడు. అతని కారు రోడ్డు దిగి గోడకు గుద్దుకున్నప్పుడల్లా కరుణాకర్ పడీపడీ నవ్వాడు. కొడుకు నవ్వు విని ఎన్నాళ్లయిందో. మధ్యాహ్నం అన్నాలు కూడా అక్కడే తిన్నారు. పొద్దుగూకే వేళకు వెంకట్రాం ఒక ఆట గెలిచాడు.

అప్పుడే వాకిట్లోకి సోమనర్సయ్య వచ్చాడు. టోపీ చేతిలో ఉంది.

“గూడూరు కాడ కొందరు పిల్లలు బస్సు దిగి అడవిలకు పోయిండ్రని ఫోనొచ్చింది పటేలా,” అన్నాడు గొంతు తగ్గించి. “అండ్ల మీ ఇంటోళ్లు ఒకరు గూడ ఉన్నరట.”

వెంకట్రాం గట్టిగా నవ్వాడు. ఇన్ని దినాల బరువు ఒక్కసారి దిగినట్టయింది. అతని భుజం పట్టి తలుపు దాకా తీసుకొచ్చాడు.

“నా కొడుకు అగో, గాడ కూసున్నడు చూడు. పొద్దటి సంది గడప దాటలే.”

సోమనర్సయ్య లోపలికి చూశాడు. తల దించుకున్నాడు.

“కొడుకు కాదు పటేలా, బిడ్డ.”