చొక్కాల కాపలా

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. నూజివీడు మీద మబ్బు, చంకన పిల్లనెత్తుకున్నట్టు వానని ఎత్తుకుని నిలబడింది.

"అది దించిందంటే కాయంతా నేలపాలే. ఎక్కండి," అన్నాడు మేస్త్రీ నాగరాజు.

ఈ ఏటికి అదే ఆఖరి తోట. కోత అయ్యాక ముఠా అంతా ఒకే పంక్తిలో కూర్చుని తింటేగాని సీజను ముగిసినట్టు కాదు.

మామిడి సొన అంటిన చొక్కా ఇక చొక్కా కాదు. అందుకని చెట్టెక్కేవాళ్ళు చొక్కాలు విప్పి, చిరుగుల బనీన్లతో ఎక్కుతారు. మిగతా తోటల్లో కాపలా పాకలో తగిలించేవాళ్ళు. ఈ తోటలో పాక గాలికి పోయింది. నేలమీద పెడదామంటే ఎర్రచీమలు.

మోకాళ్ళు అరిగి ఈ ఏడు చెట్టెక్కడం మానేసిన అప్పారావు చేతికి ఇవ్వబోయారు.

అతను చేతులు చాపలేదు. చొక్కాలు కింద పడ్డాయి.

"ఏంటి బాబాయ్, చొక్కాలు పట్టుకోడానిక్కూడా మోకాళ్ళు కావాలా?" అన్నాడు నాగరాజు. అందరూ నవ్వారు.

"గంపలు మోయమను, మోస్తాను. చొక్కాలు మాత్రం పట్టుకోను."

"ఎందుకో?"

ముఠాలో వాక్యం చెప్పేది నాగరాజే. ముందురోజు ప్రార్థనలో, బైబిల్లోని స్తెఫను అనే భక్తుడి సంగతి చెప్పాడు. ఆయన్ని రాళ్ళతో కొట్టి చంపినవాళ్ళు పైబట్టలు విప్పి సౌలు అనే కుర్రాడి కాళ్ళ దగ్గర పెట్టారనీ, ఆ సౌలునే దేవుడు పిలిచి పౌలుని చేసుకున్నాడనీ చెప్పి, అందరిచేతా ఆమెన్ అనిపించాడు. అప్పారావు ఒక్కడే ఆమెన్ అనలేదు. వచ్చే ఆదివారం కాలువలో అతనికి బాప్తిస్మం.

"అయితే విను," అన్నాడు. "నా కుర్రతనంలో మా ఊరికి ఒక సువార్తికుడొచ్చాడు, సైకిలు మీద. వీధిలో నిలబడి పాట ఎత్తుకున్నాడు. మా జట్టువాళ్ళు ఆపమన్నారు. ఆయన ఆపలా. చొక్కాలు విప్పి నా చేతికిచ్చి కర్రలు తీశారు. నేను ఒక్క దెబ్బ వెయ్యలేదు. చొక్కాలు పట్టుకుని నిలబడ్డాను."

"ఆయనేమయ్యాడు?"

"పొద్దుగూకేలోపు పోయాడు."

నాగరాజు దగ్గరికి వచ్చాడు.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే మీ పక్కన చోటుండదని."

"మరి ఇప్పుడెందుకు చెప్పావ్?"

"చెప్పకుండా నీళ్ళలో దిగితే తడుస్తానుగాని, అది బాప్తిస్మం కాదు."

నాగరాజు మొహం మారిపోయింది. "పాస్టరుగారికి నేను చెప్తాను. నీకు బాప్తిస్మం లేదు. ఇవాళ పంక్తిలో చోటూ లేదు."

"చెప్పుకో. నిన్న సౌలుకి ఆమెన్ అనిపించావు."

"సౌలుకి వెలుగు కనపడింది. నీకేం కనపడింది?"

"ఆయన మొహం. రోజూ."

గంప పట్టుకుని అటుగా వస్తూ ఇదంతా విన్న తలనెరిసిన అన్నపూర్ణ ఆగిపోయింది. ఈ సీజనుకే హనుమాన్ జంక్షన్లో బస్సు దిగి ముఠాలో కలిసిన మనిషి. ఏ ఊరంటే చెప్పదు. ప్రార్థనకి రమ్మంటే, "నాకింకా కుదర్లేదు" అంటుంది. దేవుడు పట్టని మనిషని ఆడవాళ్ళు ఆమెని దగ్గరికి రానివ్వలేదు. సీజనంతా విడిగా కూర్చునే తింది.

"పడిపోయాక ఆయనేమన్నా అన్నాడా?" అని అడిగింది.

"నీళ్ళడిగాడు."

"ఇచ్చావా?"

"లేదమ్మా. చేతుల్లో చొక్కాలున్నాయి."

ఆమె గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

చొక్కాలు కొమ్మలకి తగిలించుకుని అంతా చెట్లెక్కారు. వాన దిగకముందే కాయ దిగింది. లారీ వెళ్ళిపోయింది. చెట్ల కింద విస్తళ్ళు పరిచారు. మామిడికాయ పప్పు, కోడికూర పొగలు కక్కుతున్నాయి.

అప్పారావు దూరంగా, ఖాళీ ట్రేల మీద అటు తిరిగి కూర్చున్నాడు.

అన్నపూర్ణ అతని దగ్గరికి నడిచింది.

"లే అన్నయ్యా. పంక్తిలోకి రా."

అతను లేవలేదు. ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. తీసుకొచ్చి పంక్తి మధ్యలో నిలబెట్టింది.

నాగరాజు అడ్డం వచ్చాడు. "అతని పక్కన కూర్చున్నవాళ్ళకి వచ్చే ఏడు నా ముఠాలో పని లేదు."

"వచ్చే ఏటి సంగతి పూత చూసుకుంటుంది. జరుగు నాయనా."

"ప్రార్థనకే రానిదానివి, నీకేం తెలుసమ్మా? ఆ పోయినాయన భార్యే ఇక్కడుంటే ఇతని మొహాన ఉమ్మేసేది."

అన్నపూర్ణ వినిపించుకోనట్టే అప్పారావుని కూర్చోబెట్టింది. అతని విస్తట్లో అన్నం పెట్టి పప్పు వేసింది. పక్క విస్తట్లో తనూ పెట్టుకుని కూర్చుంది. అప్పుడు తలెత్తి నాగరాజు వంక చూసింది.

"ఉమ్మలేదుగా," అంది.

అప్పారావు చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది.

నాగరాజు వచ్చి ఆమెకి రెండోపక్క కూర్చున్నాడు. ఒక్కొక్కరే కూర్చున్నారు. ఆ సువార్తికుడి భార్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకగాని పంక్తిలో ఎవరూ ముద్ద కలపలేదు.