నాన్నకు వచ్చిన దండ

ఇప్పుడు ఇంటర్వ్యూలకు మనుషులు వెళ్లరు. ఎవరి ఫోనులో పెరిగిన ఏఐ ‘నీడ’ వాళ్ల గొంతుతోనే మాట్లాడి వస్తుంది. పని చేయిస్తూనే డిగ్రీ చదివించే ఓడల కంపెనీ అప్రెంటిస్‌షిప్‌కి చైత్ర తన నీడను పంపుతూ, “ఎలాగైనా సాధించుకు రా” అంది.

సాధించుకొచ్చింది.

మర్నాడు డ్రోను మిఠాయి పెట్టెతో పాటు ఒక పూలదండ కూడా దించింది. కంపెనీ సందేశాన్ని నాన్న సింహాద్రి పైకే చదివాడు: “తండ్రి పోయిన దుఃఖంలోనూ ధైర్యంగా జవాబులు చెప్పారు. ఈ దండ వేసి, ఆయన ఫొటో పంపగలరు.”

చైత్రకు తల కొట్టేసినట్టయింది. “నీడ అబద్ధమాడింది నాన్నా. నిజం చెప్పేస్తాను.”

“నోటికాడ కూడు తన్నుకుంటావేటమ్మా?” అంటూ సింహాద్రి తల దువ్వుకొచ్చి, దండ మెళ్లో వేసుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. “నవ్వమంటావా, వద్దా?”

చైత్ర ఫోను పైకెత్తి, దండంతా ఫొటోలో పడేలా ఒక అడుగు వెనక్కి వేసింది.